ఏడేళ్ళు కనిపించని ఎర్ర ఒర్సాటి

"పదకొండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది," అంది ఆర్జియా మోంతోర్సి, చేతి గడియారం విప్పి బల్ల మీద పెడుతూ. "కమిషన్ సాయంత్రం ఐదింటికి కూర్చుంటుంది. మేస్త్రీ, మీ చేత నోరు విప్పించడానికి నాకున్నది ఆరు గంటల ఇరవై నిమిషాలు."

ఎర్మెస్ వందెల్లి నోరు విప్పలేదు.

ఎనభై నాలుగేళ్ళ మనిషి. అల్యూమినియం రేకుని చెక్క సుత్తితో కొట్టి కారు ఒళ్ళు తీర్చడంలో మోదెనా మొత్తం మీద ఆయన తరవాతే ఎవరైనా. అలాంటివాడు, పోలీసులు సీలు వేసిన తన సొంత టింకరింగ్ షెడ్డులో, పరాయి ఇంటికి వచ్చినట్టు స్టూలు అంచున కూర్చున్నాడు. తనిఖీ కోసం ఆ ఒక్క పూటకి సీలు తీశారు. ఆయన దగ్గర పనిచేసే ఆరుగురూ ఎదురుగా కాఫీ బార్లో కూర్చుని అద్దంలోంచి ఇటే చూస్తున్నారు.

ఆయన వెనక ఎర్ర కారు నిలబడి ఉంది.

ఒర్సాటి కంపెనీ మూతబడి నలభై ఏళ్ళు దాటింది. నడిచిన రోజుల్లోనూ ఏడాదికి నాలుగైదు కార్ల కంటే చెయ్యలేదు. వాటిలో ఏడో నంబరు కారు లాంటిది ఇంకోటి లేదు. సస్సువోలోలో టైల్స్ ఫ్యాక్టరీ పెట్టిన లెయార్కో ప్రాంపొలీని 1970లో దాన్ని తనకోసం చెప్పి చేయించుకున్నాడు. యుద్ధంలో ఆయన ఎడమ కాలు పోయింది. అందుకని క్లచ్‌ని కాలికింద పెట్టించకుండా స్టీరింగ్‌కి ఎడమ పక్క, చేత్తో లాగే లివరుగా పెట్టించాడు. సీటు వెనక రెండు తోలు పట్టీలు వేయించాడు. బండి ఎక్కగానే చెక్కకాలు విప్పి వాటికి బిగించేవాడు. రంగు కూడా ఏ కంపెనీ డబ్బాలోదీ కాదు. తన బట్టీలో కాల్చిన మట్టి పలక ఒకటి పంపించి, "ఇదీ రంగు" అన్నాడు.

చిక్కేమిటంటే, ఇప్పుడు ఏడో నంబర్లు రెండున్నాయి.

ఒకటి ఇదిగో, మందుల షాపు నడిపే జైరా రోంకాలియాది. ఎర్మెస్ దీన్ని నాలుగేళ్ళ కిందట పూర్తిగా విప్పి, బాగుచేసి బిగించాడు. రెండోది స్విట్జర్లాండులో, లుగానో ఊళ్ళో ఒక సేకరణలో తేలింది. 1972లో ప్రాంపొలీని దగ్గర్నుంచి నేరుగా తమకే వచ్చిందని వాళ్ళ మాట. జైరా కారు చరిత్ర చూస్తే 1979లో బొలోన్యా పళ్ళ డాక్టరు, ఆయన దగ్గర్నుంచి వైను వ్యాపారి, ఆయన దగ్గర్నుంచి జైరా. ప్రాంపొలీనికీ పళ్ళ డాక్టరుకీ మధ్య ఏడేళ్ళు మాత్రం ఖాళీ. ఆ ఏడేళ్ళలోనే ఎర్మెస్ ఈ దొంగ కారు తయారుచేశాడని లుగానో వాళ్ళు కేసు పెట్టారు. ఏ కారు అసలుదో తేల్చే కమిషన్ ఐదింటికి ఆ మాటే నిజమంటే మేస్త్రి కోర్టుకి వెళ్తాడు, షెడ్డుకి వేసిన సీలు ఇక ఊడదు.

"1972 నుంచి 1979 దాకా ఇది ఎక్కడుంది?" అంది ఆర్జియా.

"తెలీదు."

"తెలీదా, చెప్పరా?"

"రెండిటికీ తేడా ఏముంది అమ్మాయ్?"

"జైలుకీ ఇంటికీ ఉన్నంత."

ముసలాయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు వాటినే చూశాడు. "ఒక కామ్రేడ్‌కి మాట ఇచ్చాను," అన్నాడు చివరికి.

"ప్రాంపొలీనికేగా? ఆయన పోయి ముప్ఫై అయిదేళ్ళు. మీ కమ్యూనిస్టు పార్టీ పోయి ముప్ఫై రెండేళ్ళు."

"మాట పోలేదుగా."

ఇంకెవరైనా అయితే ఆర్జియా గొంతు పెంచి ఉండేది. ఈయన మీద పెంచలేకపోయింది. 1968లో ఈ షెడ్డులోనే ప్రెస్సు కింద ఆమె తండ్రి ఒతావియో ఎడమ చేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. మూడు వేళ్ళవాడు సుత్తి పట్టలేడని ఊరంతా అంటుంటే, ఎర్మెస్ మాత్రం ఆయన చేతికి సరిపడేలా సుత్తి పిడి తనే చెక్కి ఇచ్చాడు. ఆ సుత్తితో ఒతావియో ఇంకో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఆర్జియా చదువు ఆ సుత్తి చలవే.

గుమ్మంలోంచి ముందు చుట్ట వాసన వచ్చింది. వెనకాలే మనిషి వచ్చాడు. లుగానో వాళ్ళు పెట్టుకున్న నిపుణుడు, తురిన్ వాస్తవ్యుడు, డాక్టర్ ఫుల్వియో బోజియో.

"మార్షల్ గారు ఇంకా పాపాలు ఒప్పించే పనిలోనే ఉన్నారా?" అన్నాడు. ఆర్జియా మూడేళ్ళ కిందటి దాకా పోలీసుల్లో దొంగ సరుకు విభాగంలో మార్షల్‌గా పనిచేసింది. ఇప్పుడు సొంతంగా పాత కార్ల చరిత్రలు తవ్వుతోంది. ఈ కేసులో జైరా పక్షాన నిపుణురాలు.

"రండి డాక్టర్ గారూ. పొద్దున్నుంచీ ఎంతమంది రోగుల్ని చూశారు?"

"నా డాక్టరేట్ చరిత్రలో."

"అందుకే అడిగా. ఇక్కడ చరిత్రకే జబ్బు చేసింది మరి."

బోజియో నవ్వలేదు. "మీ నాన్న కథ విన్నాను. మీరు చేస్తున్నది దర్యాప్తు కాదు మేడమ్. ఈయనకి దణ్ణం పెడుతున్నారు."

"పెడుతున్నాను. దణ్ణం పెట్టే చేతులతోనే వెతుకుతున్నాను కూడా. ఈయన దొంగ అని తేలితే ఆ ముక్క మొదట రాసేది నేనే. నాకు మంచి చేసిన మనిషికి అబద్ధం చెప్పి బదులిస్తే, ఆ మంచి ఏమైనట్టు?"

ఎర్మెస్ తలెత్తి ఆమెని చూశాడు.

బోజియో చంకలోని మఖమల్ పెట్టె బల్ల మీద పెట్టి తెరిచాడు. లోపల సగానికి విరిగిన మట్టి పలక. వెనక ప్రాంపొలీని బట్టీ ముద్ర. "ప్రాంపొలీని ఒర్సాటికి పంపిన నమూనా ఇదే. కంపెనీ సామాన్లు వేలం వేసినప్పుడు నేను కొన్నాను. అప్పటినుంచీ నా రాతబల్ల మీదే ఉంటుంది. చూసుకోండి."

పలకని కారు తలుపుకి ఆనించాడు. ఏ సందేహమూ లేకుండా కళ్ళకి కనిపిస్తున్న తేడా. పలక ముదురు ఎరుపు, ఇటుక నానినట్టు. కారు దానికంటే లేత.

"మా లుగానో కారుకి పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. నమూనాకి సరిపోయే కారు అసలుదా, సరిపోనిది అసలుదా? ఇది చెప్పడానికి డాక్టరేట్ కూడా అక్కర్లేదు."

"లుగానో కారుకి తరవాత ఎప్పుడైనా రంగు వేశారేమో?"

"1970లో వేసిన రంగే. దాని మీద బ్రష్షు పడలేదు."

"రాసివ్వండి," అంది ఆర్జియా.

కమిషన్ నియమం అదే. రెండు పక్షాల నిపుణులూ కలిసి తిరగాలి, ఎవరు ఏది గమనించినా ఒకే కాగితం మీద అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాలి. బోజియో బంగారు పాళీ పెన్ను తీసి, పెళ్ళిపత్రిక రాసినంత ముచ్చటగా రాశాడు: 'లుగానో కారు రంగు నా దగ్గరున్న నమూనా పలక ముఖంతో పూర్తిగా సరిపోయింది. ఆ కారుకి 1970 తరవాత రంగు వేయలేదు.' సంతకం. పదకొండూ ఇరవై.

అతను కాఫీకని ఎదురు బార్‌కి వెళ్ళగానే ఆర్జియా స్టూలు లాక్కుని మేస్త్రి ముందు కూర్చుంది.

"చెప్పొద్దు. ఒక్కటి అడుగుతా. బండి విప్పినప్పుడు లోపల ఏం దొరికింది? మీరు మరమేకు కూడా పారెయ్యరు, నాకు తెలుసు."

ఎర్మెస్ కళ్ళలో మొదటిసారి ఏదో కదిలింది. లేచి, గోడ అల్మారాలో పై అర నుంచి పాత బిస్కెట్ల డబ్బా దించి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"చెప్పనని మాట ఇచ్చాను," అన్నాడు. "చూపించనని ఇవ్వలేదు."

డబ్బాలో చిన్న చిన్న పెచ్చులు. ఆర్జియా ఒకటి తీసి గోటితో గీకింది. మెత్తగా లేచి వచ్చింది. మైనం. తెల్లది, పసుపుది, ఎర్రది, పొరమీద పొర. డబ్బా మూత లోపల పెన్సిలుతో రాసి ఉంది: 'ఎడమ బానెట్ గాలికంతలు. ఎడమ తలుపు సందు.' కుడి పక్క పేరే లేదు.

"బండి చాలా కాలం కదలకుండా ఉంది," అంది, తనలో తను అనుకున్నట్టు పైకే. "ఎడమ పక్కన, దానికంటే ఎత్తులో, కొవ్వొత్తులు. ఒక రోజువి కావు. ఏళ్ళవి." ఆగింది. "గుడి. ఇది గుళ్ళో ఉంది."

మేస్త్రి కిటికీ వైపు చూస్తున్నాడు.

"ప్రాంపొలీని పార్టీ మనిషి. మే ఒకటిన జెండా పట్టుకుని ముందు నడిచేవాడు, ఫాదర్ ఎదురొస్తే వీధి మారేవాడు. అలాంటివాడు కారుని ఏసు తల్లి మదోన్నాకి మొక్కు చెల్లిస్తే..." ఆర్జియాకి నవ్వాగలేదు. "మేస్త్రీ! దీనికోసమా? పార్టీ ఆఫీసులో ఆయన పరువు పోతుందనా యాభై ఏళ్ళు నోరు కుట్టుకున్నారు?"

"నేనేం చెప్పలేదు," అన్నాడు ఎర్మెస్ గట్టిగా.

"మీరేం చెప్పలేదు. ఆయన భార్య ఇనెస్‌ది ఏ ఊరు?"

జవాబు కోసం ఆర్జియా ఆగలేదు. అక్కర్లేదు కూడా. పెళ్ళి రికార్డు ఫైల్లోనే ఉంది. మోంతెఫోస్కో. కొండ మీద మదోన్నా గుడి ఉన్న ఊరు.

* * *

ఒంటిగంటా ఐదుకి ఆర్జియా పాత ఫియట్ కొండ మీద గుడి వాకిట్లో ఆగింది. మోకాళ్ళ మీద మఖమల్ పెట్టె పెట్టుకుని, నలభై మలుపుల పొడవునా తిట్టుకుంటూ వచ్చిన బోజియో తడబడుతూ దిగాడు. "దేవుడి దగ్గరికి మైనం పెచ్చులు పట్టుకొచ్చారు. కమిషన్ వాళ్ళు కడుపుబ్బ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. భోజనాలయ్యాక మంచిదే."

ఫాదర్ ఇవానో నలభై దాటని మనిషి. గుడి చూసుకునే నోర్మా మాత్రం యాభై దాటింది, చేతినిండా తాళాలు. విషయం వినగానే ఆవిడ మొహం విప్పారింది.

"ఎర్ర కారా? అయ్యో, ఎందుకు తెలీదు! మొక్కుబళ్ళ గదిలో ఉండేదిగా. ఎడమ గోడకి కొవ్వొత్తుల అర, దాని కిందే నిలబెట్టారు. మా అమ్మ ఇక్కడ ఊడ్చేది. నాకు ఆరేళ్ళు, ఏడేళ్ళు. అందరూ ప్రార్థనలో ఉంటే నేను దాంట్లో దూరి రోమ్ దాకా వెళ్ళొచ్చేదాన్ని. ఎడమ చేతికి ఒక కర్ర ఉండేది లాగడానికి."

"ఎప్పుడు పోయింది?"

"పెద్ద మంచు పడి కప్పు కూలిన ఏడు. డెబ్బై తొమ్మిది. అప్పటి ఫాదర్ బొలోన్యా పళ్ళ డాక్టరుకి ఇచ్చేసి కప్పు వేయించారు. నేను మూడ్రోజులు అన్నం ముట్టలేదు."

ఆర్జియా రాసుకుంది. బోజియో భుజాలు ఎగరేశాడు. "బాగుంది. ఏదో ఒక ఎర్ర కారు ఇక్కడుంది. అది ఈ మేస్త్రి చేసిన నకలే అయి ఉండొచ్చుగా! అసలుది లుగానో చేర్చి, నకలుని మదోన్నాకి అంటగట్టారేమో. కమ్యూనిస్టు మొక్కు ఇంతకంటే నిజాయితీగా ఉంటుందా?"

"ఫాదర్, అది ఎందుకిచ్చారో చెప్పే పలకలాంటిదేమైనా ఉందా?" అంది ఆర్జియా.

ఫాదర్ ఇవానో గది తలుపు తీశాడు. గోడల నిండా వెండి గుండెలు, చంకకర్రలు, పసిపిల్లల బట్టలు, రంగు బొమ్మలు. నిచ్చెన మీంచి పడి బతికినవాడు, వరదలో కొట్టుకుపోతూ కొమ్మ పట్టుకున్నవాడు, పురుడు గండం గడిచిన తల్లి. ఎవరికి వాళ్ళు, తాము బతికిన క్షణాన్ని బొమ్మ గీయించి, కింద ఒకే మాట రాయించి పెట్టారు. కృతజ్ఞతతో. ఏ గదిలోనూ అన్ని కృతజ్ఞతలు ఒక్కచోట చూడలేదు ఆర్జియా. పని మరిచిపోయి ఒక నిమిషం అలాగే నిలబడింది.

"ఇదే కదూ?" అన్నాడు ఫాదర్, ఒక మూల నుంచి చెక్క చట్రం దించుతూ.

మిగతావన్నీ చెక్క మీదో రేకు మీదో వేసిన బొమ్మలు. ఇదొక్కటే కాల్చిన మట్టి పలక. మధ్యలో మెరుపు పూతతో బొమ్మ: మలుపులో పల్టీకొట్టిన ఎర్ర కారు, కిటికీలోంచి ఒక మనిషిని బయటికి లాగుతున్న ఇంకో మనిషి. పై మూల మేఘంలో మదోన్నా, స్థలం చాలనట్టు చిన్నగా. కింద 'కృతజ్ఞతతో, 1972'. పేరు లేదు. బొమ్మ చుట్టూ పూత లేని మట్టి అంచు, కొవ్వొత్తుల పొగకి ముదురు ఎరుపెక్కి ఉంది. బోజియో పెట్టెలోని నమూనాలాగే.

ఆర్జియా మెదడులో ఏదో టక్కుమంది. ఆమె చిన్నప్పుడు ఆదివారాలు సస్సువోలోలో అమ్మమ్మ ఇంట్లో గడిచేవి. టైల్స్ కొనడానికి వచ్చినవాళ్ళు పలక మొహం చూసేవాళ్ళు కాదు. ఒకటి తీసి గడప అంచుకి కొట్టి, విరిచి, లోపల చూసేవాళ్ళు. మట్టి రంగు అంటే అక్కడ విరుపులో రంగే. పైన కనిపించేది పొగకీ చేతి జిడ్డుకీ మారుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు. బోజియో దగ్గరున్నది సగం పలక. ఎందుకు సగం? ఎందుకంటే రంగు కలిపినవాడు 1970లో దాన్ని విరిచి, ఆ విరుపు చూసి కలిపాడు!

"ఫాదర్, దీని అంచు కొంచెం గీకి చూడనిస్తారా? గోరంత."

"ఒకరి మొక్కుని గీకడం నా వల్ల కాదమ్మా. క్షమించండి."

"బిషప్ గారిని అడిగితే?"

"అడగండి. సోమవారం ఫోనెత్తుతారు."

గడియారం రెండుంపావు చూపిస్తోంది. ఇవాళ శుక్రవారం.

"నన్ను చూడనివ్వండి," అంటూ బోజియో చేతులు చాచాడు. ఆర్జియా వద్దనేలోపే చట్రం అతని చేతిలోకి వెళ్ళింది. కిటికీ వెలుగు దగ్గరికి నడిచాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. తరవాత అతని వేళ్ళు విడివడ్డాయి. జారలేదు, విడివడ్డాయి. ఆర్జియా కళ్ళారా చూసింది.

రాతి నేల మీద చట్రం నాలుగు చెక్కలైంది. పలక మూడు ముక్కలైంది.

నోర్మా కెవ్వుమంది. ఫాదర్ మొహం పాలిపోయింది.

"అయ్యో! ఎంత పని జరిగింది!" అన్నాడు బోజియో. "మలుపుల్లో తల తిరిగింది, ఇంకా తగ్గలేదు. మార్షల్ గారూ, ఏమిటలా చూస్తున్నారు? తిట్టరేం?"

ఆర్జియా నేల మీద మోకరిల్లింది. ఒక ముక్క తీసి, విరిగిన వైపు కిటికీకేసి తిప్పి పట్టుకుంది. జేబులోంచి చిన్న కవరు తీసింది. అందులో ఎర్మెస్ షెడ్డులో ఆ కారు డాష్‌బోర్డు వెనక, ఎండ సోకని చోట నుంచి గీకి తెచ్చిన రంగు పెచ్చు ఉంది. దాన్ని విరుపు మీద పెట్టింది.

పెచ్చు మాయమైంది. ఏది పెచ్చో, ఏది మట్టో తెలియనంతగా కలిసిపోయింది.

"తిట్టనా?" అంది, లేచి నిలబడుతూ. ఆమె గొంతులో కోపం లేదు. "డాక్టర్ గారూ, నా సర్వీసులో నాకు ఎవరూ ఇంత సాయం చెయ్యలేదు. ఫాదర్ నన్ను గోరంత గీకనివ్వలేదు. మీరు మొత్తం విరిచి ఇచ్చారు. మనస్ఫూర్తిగా, మీకు చాలా చాలా థాంక్స్."

"ఏమిటీ నాటకం?"

"ఇది ప్రాంపొలీని బట్టీ, ప్రాంపొలీని మట్టి. మీ నమూనాదీ అదే. 1970లో రంగు కలిపినవాడు విరుపు చూసి కలిపాడు. అది ఈ లేత ఎరుపు. పైన పొర తరవాత ముదిరింది. ఇక్కడ కొవ్వొత్తుల పొగకి. మీ దగ్గర..." అతని కోటు జేబులో చుట్టల పెట్టె వైపు చూపించింది. "మీ రాతబల్ల మీద. మీ కారు మీ పలక మొహంతో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది అన్నారు. అంటే పలక ముదిరాక, ఈమధ్యే వేసిన రంగన్నమాట. కానీ 1970 తరవాత రంగు వెయ్యలేదని రాశారు. పదకొండూ ఇరవైకి. బంగారు పాళీతో."

బోజియో పెట్టెని గుండెకి హత్తుకున్నాడు.

"నమ్మకం లేకపోతే మీదీ విరిచి చూద్దాం," అంది ఆర్జియా. "రాతి నేల ఇక్కడే ఉంది. తల ఇంకా తిరుగుతోందా?"

"ముట్టుకోవద్దు!"

"వద్దులెండి. ఐదింటికి కమిషనే విరుస్తుంది."

ఫాదర్ ఇవానో నెమ్మదిగా తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "మొక్కు పలక ఎలా పగిలిందో నేను కాగితం మీద సాక్షి సంతకం పెడతాను," అన్నాడు. "ముందు మీరు పెట్టండి డాక్టర్ గారూ. తలుపు తరవాత తీస్తాను."

రెండూ నలభైకి బోజియో సంతకం పెట్టాడు. కారు ఇక్కడ ఏడేళ్ళు ఉందన్న నోర్మా మాట కింద ఒకటి, పెచ్చూ విరుపూ కలిశాయన్న మాట కింద ఇంకోటి. పాళీ కాగితాన్ని చింపినంత పని చేసింది.

మూడు ముక్కల్నీ నోర్మా తన ఏప్రనులో ఏరి తెచ్చి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు బల్ల మీద బోర్లా పెట్టి జత చేస్తోంది. "ఫాదర్," అంది ఉన్నట్టుండి. "వెనక ఏదో రాసుంది."

ఇన్నేళ్ళూ చట్రం వెనక చెక్క కప్పేసిన చోట, కాల్చకముందే పచ్చి మట్టి మీద మేకుతో గీసిన అక్షరాలు. అందరికంటే ముందు వంగినవాడు బోజియో. చదువుతున్న కొద్దీ అతని మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. పైకి చదివాడు, ప్రతి మాటా రుచి చూస్తూ:

"'మదోన్నాకి ఇనెస్ మొక్కింది. అది ఆవిడ ఇష్టం. నా మొక్కు ఒతావియో మోంతోర్సికి. మూడు వేళ్ళ చేత్తో నన్ను కిటికీలోంచి లాగాడు. ఈ కారు అతనిది. ఇస్తే వద్దన్నాడు. అతనో, అతని పిల్లలో వచ్చి అడిగేదాకా ఇక్కడుంటుంది. లె. ప్రా.'"

ఆర్జియా ఒక్కసారి పలక ముందు వైపు గుర్తుచేసుకుంది. కిటికీలోంచి లాగుతున్న ఆ రెండో మనిషి. అతని ఎడమ చెయ్యి చిన్నదిగా ఉంటే, ఇందాక ఆమె బొమ్మ వేసినవాడికి చేతులు గీయడం రాదనుకుంది.

నాన్న ఇంట్లో ఒక్కనాడూ చెప్పలేదు. ఒక్క మాట.

"నాలుగో నియమం!" అన్నాడు బోజియో చప్పట్లు కొట్టి. "కారు యాజమాన్యంలో హక్కున్న మనిషి నిపుణురాలిగా ఉండకూడదు. ఏడేళ్ళ ఖాళీలో ఉన్న పేరు మీ నాన్నది మేడమ్! ఆ కారు మీదంటున్నారు. మీ రిపోర్టు చిత్తుకాగితం. ఆ మందుల షాపావిడ రేపు మీ మీదే కేసు వేస్తుంది. మేస్త్రి గతి మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు చెప్పండి థాంక్స్!"

ఆర్జియా కాగితం ముందుకు లాక్కుంది. తన పేరున్న ప్రతి చోటా ఒక గీత కొట్టింది. నాలుగు చోట్ల నాలుగు గీతలు. కింద రాసింది: 'మా నాన్న ఒతావియో మోంతోర్సి ఈ కారు వద్దన్నాడు. ఆయన వద్దన్నదాన్ని నేనూ వద్దంటున్నాను. జైరా రోంకాలియాకి నా వల్ల ఏ అడ్డూ లేదు.' సంతకం పెట్టి, ఫాదర్ చేత సాక్షి సంతకం పెట్టించింది. తరవాత కాగితాన్ని బోజియో వైపు తిప్పింది.

"నియమం నియమమే. నా సంతకాలు కొట్టేశాను. ఇక మిగిలినవి ఏమిటో చూడండి."

బోజియో చూశాడు. పదకొండూ ఇరవై దగ్గర అతని సంతకం. రెండూ నలభై దగ్గర రెండు సంతకాలు. కాగితం మీద ఇప్పుడు నిపుణుడు ఒక్కడే.

"మేస్త్రిని విడిపించే రిపోర్టు మీ చేతి మీదుగా వెళ్తోంది డాక్టర్ గారూ," అంది ఆర్జియా. "ఇందాకటి థాంక్స్ వెనక్కి తీసుకోవడం లేదు. పదండి, ఐదింటికి అందుకోవాలి. మలుపుల్లో మెల్లిగానే నడుపుతాను."

వాకిట్లోకి వచ్చాక ఆమె షెడ్డుకి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తారు.

"మేస్త్రీ. అయిపోయింది. మీ దగ్గరున్న కారే అసలుది. బోజియో రాసిచ్చాడు."

అటువైపు ఎర్మెస్ ఎవరికో ఏదో చెప్పడం వినిపించింది. ఆ వెంటనే ఆరు గొంతులు ఒకేసారి అరిచాయి. తరవాత ముసలాయన గొంతు, గరగరగా: "నేను మాట తప్పలేదుగా?"

"లేదు. పలక చెప్పింది. వెనక వైపు కూడా చదివాం." ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "నాన్న ఎందుకు వద్దన్నాడు మేస్త్రీ? మాకు సైకిల్ తప్ప ఏమీ లేని రోజులు."

"చదివారా? అయితే ఇక చెప్పొచ్చు." స్టూలు కిర్రుమన్న చప్పుడు. "రేకులు సరిచేసిన రోజు మేము ముగ్గురం ఇక్కడే ఉన్నాం. లెయార్కో తాళాలు తెచ్చి మీ నాన్న చేతిలో పెట్టాడు. మీ నాన్న ఎక్కి కూర్చుని ఆ క్లచ్ లివరు పట్టుకుని చూశాడు. మూడు వేళ్ళకి దాని మీద పట్టు దొరకలేదు అమ్మాయ్. దిగి, తాళాలు తిరిగి ఇచ్చేస్తూ ఏమన్నాడో తెలుసా? 'కామ్రేడ్, నీకు చెయ్యుంది, కాలు లేదు. నాకు కాళ్ళున్నాయి, చెయ్యి లేదు. ఇది ఇద్దరం కలిస్తే గానీ నడిచే బండి కాదు. ఆ రోజు కొండ మీద ఇద్దరం కలిసి నడిపాంగా, చాలు' అన్నాడు."